బోరునీరు ఎవరి సొత్తు?



మన పెదవేగి ఒకప్పటి వేంగి రాజధాని. నేడు ఆయిల్‌పామ్ తోటలకు పేరొందినది. ఆ పంటపై పరిశోధన సలుపు జాతీయ సంస్థయు నిచ్చటనే కలదు. అయిన నీ మెట్ట చేలలో పెక్కింటికి బోరే ఆధారము.

వేసవిలో నొక రైతు బోరు ఎండును. అతడు అప్పుచేసి మరింత లోతునకు వేయించును. అంతట ప్రక్కవాని బోరులో నీరు తగ్గును, అతడును అప్పుచేయును. తుదకు ఇరువురకు ఋణమే మిగులును. పొలముపైన గట్టు గలదు గాని భూమిలోపల గట్టు లేదుగదా!

1882వ సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టము, తన భూమిక్రింది నీటిని తన హద్దులలో తోడుకొను హక్కును భూస్వామి కిచ్చినది. కపిలతో తోడిన దినములలో దానివలన హాని స్వల్పము. కరెంటు మోటార్లు వచ్చి, 2004 నుండి సేద్యపు కరెంటు ఉచితమైన పిమ్మట ఆ హక్కే మనకు ముప్పైనది.

2002లో వాల్టా చట్టము వచ్చినది. దానినిబట్టి బావులను, బోరు వేయు యంత్రములను రిజిస్టరు చేయింపవలెను. ప్రజల మంచినీటి బావికి 250 మీటర్ల లోపల సేద్యపు బోరు వేయుటను చట్టము అడ్డగించును. మితిమీరి తోడిన తావులలో క్రొత్త బావుల నాపు అధికారమును గలదు. ఇది మంచిదే. కాని చట్టపు చూపు బోరుమీదనే గాని తోడిన నీటిమీద చాలినంత లేదు.

కావున చట్టమును సవరింపవలెను. నీటిని డబ్బాలకెత్తి విక్రయించు వ్యాపారి ప్రతి బోరునకు మీటరు పెట్టి, తోడిన లెక్కను నెలనెల పంచాయతీ గోడపై వ్రాయవలెను. క్రొత్త బోరునకు అనుమతి యిచ్చుటకు ముందు ఆ పరిసరములందలి బోర్లన్నిటిని కలిపి, వానవలన ఇంకిన నీటితో సరిచూడవలెను. ఆ విచారణలో రైతులకు మాట యుండవలెను.

ఇది మన చేలకు మాత్రమే సంబంధించినది కాదు. ఊటలు తగ్గినచో వాగులు ముందుగా నెండును. తమ్మిలేరు ఏలూరు మీదుగా కొల్లేటికి చేరును. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సార్ గుర్తింపు పొందిన యా సరస్సునందలి చేపలకు, పక్షులకు, వానినే నమ్ముకొన్న బెస్తలకు నష్టము తగులును.

చట్టము మారువరకు మనము ఊరకుండనేల? వానలకు ముందు, వెనుక త్రాడుతో బావి నీటిమట్టమును కొలిచి సంఘపు పుస్తకమున వ్రాయుడు. తోటలకు బిందుసేద్యము చేయుడు. ప్రక్కవానితో చెప్పక క్రొత్త బోరు వేయకుడు. ఎరువులకు, అప్పులకు కూడిన మనము నీటికి కూడలేమా?