విదేశీ సొమ్ము – మన జాగ్రత్త

ఏటూరునాగారంలో ఒక తల్లి మమ్మును ఇలా అడిగింది: “అయ్యగారూ, దుబాయి నుండి మా అబ్బాయి పంపే డబ్బుకూ, సంఘానికి దొరలు పంపే కానుకకూ ఒకే పద్ధతా?” కాదని చెప్పాము. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

భారత పౌరుడైన కుమారుడు తన జీతంలో నుండి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. ఖాతాదారుని పేరు, ఖాతా నంబరు, బ్యాంకువారి స్విఫ్ట్ కోడ్ అతనికి తెలిపితే చాలు. దిర్హములు రూపాయలుగా మారి జమ అవుతాయి. సొమ్ము రావడానికి ఓటీపీ అక్కరలేదు. అది అడిగేవాడు ఇచ్చేవాడు కాదు, దోచుకొనేవాడు.

విదేశీయులు సంఘానికిచ్చే కానుక వేరు. 2010 నాటి చట్టం ప్రకారం కేంద్ర హోం శాఖ వద్ద రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాకే రావాలి. అందుకు ఢిల్లీ ప్రయాణం అవసరం లేదు. దగ్గరి స్టేట్ బ్యాంకు శాఖలో విచారించవచ్చు.

“ప్రస్తుతానికి పాస్టరుగారి ఖాతాలో వేయించుకుందాం” అనే మాట మంచి మనసుతో అన్నా సరే, ఒప్పుకొనకండి. ఆ తొందరపాటు వలన కాపరికి కేసు, సంఘానికి నింద. అనుమతి వచ్చేదాకా ఆగుదాం. కానుక దేవునిదైతే దాని లెక్క కూడా వెలుగులోనే ఉండాలి గదా!