ఉక్కు దూలమునకు సుంకపు పేరు

తగరపువలస మీదుగా పోవు 16వ జాతీయ రహదారిపై రేయింబవళ్లు ఉక్కు దూలములు, చానెళ్లు, యాంగిళ్లు లారీలలో సాగిపోవుచుండును. దారిప్రక్క నిలిచి చూచువానికి అవి యన్నియు నొక్క యినుమే. ఇల్లు కట్టించువానికి బరువు ముఖ్యము. అంగడివానికి ధర ముఖ్యము. ఆ సరకే విశాఖపట్టణపు రేవున ఓడ నెక్కునపుడో, ఓడనుండి దిగునపుడో మరియొక ప్రశ్న పుట్టును: సుంకపు పట్టికలో దీని పేరేమి? దీని సంఖ్య యెంత? కస్టమ్సు ఏజెంటు చూపినచోట సంతకముచేసి ఈ ప్రశ్నను మరచు వర్తకులు మనలో లేకపోలేదు. ఆ మరపునకు మూల్యమెంతయో చెప్పుటయే నేటి మా యుద్దేశము.

సుంకపు పట్టిక కేవలము గుమాస్తాల గ్రంథమని తలచుట పొరపాటు. 1894 నాటి టారిఫు చట్టమున సామాన్య సరకులపై నూటికి 5 వంతున సుంకముండగా, ఇనుము, ఉక్కులపై నూటికి 1 మాత్రమే యుండెను. ఆ యుదారత మనకొరకు గాదు, విదేశపు కర్మాగారములకొరకు. టాటావారు 1912లో జంషెడ్‌పూరున ఉక్కు పోయుట ప్రారంభించినపిమ్మట, టారిఫు బోర్డు సిఫారసుపై 1924లో ఉక్కు పరిశ్రమ రక్షణచట్టము వచ్చినది. అందు దూలములు, యాంగిళ్లు, చానెళ్లపై టన్నుకు 30 రూపాయలు, సాధారణపు కడ్డీలపై 40 రూపాయలు విధించిరి; తొలిచి, అతికి కట్టడమునకు సిద్ధపరచిన ఉక్కునకు విలువలో నూటికి 25 వంతులు. 1927లో ఆ చట్టమును తిరుగవ్రాసి, బ్రిటిషు ఉక్కునకొక రేటును, ఇతరదేశపు ఉక్కునకు అంతకంటె హెచ్చు రేటును ఏర్పరచిరి. రక్షణపేరిట సామ్రాజ్యపు సరకునకు పెద్దపీట వేయుటను శాసనసభలోని జాతీయవాదులు నాడే నిరసించిరి. సరకును ఏ గడిలో వేయవలెనో నిర్ణయించువాడే లాభము ఎవరిదో నిర్ణయించునని అప్పుడే తేటపడినది.

నేడు పట్టిక మనదే. 1975 నాటి కస్టమ్సు టారిఫు చట్టమే దానికి ఆధారము. 1988 జనవరి 1 నుండి లోకమున అమలులోనున్న హార్మొనైజ్డ్ సిస్టము ననుసరించి సంఖ్యలోని మొదటి ఆరంకెలు అన్ని సభ్యదేశములందు నొక్కటియే. మన దేశము వానికి మరి రెండంకెలు చేర్చి యెనిమిదంకెలు చేసినది. ఇనుము, ఉక్కు 72వ అధ్యాయమందును, వానితో చేసిన వస్తువులు 73వ అధ్యాయమందును గలవు. ఈ సంఖ్యను కనుగొనుటకు నాలుగు ప్రశ్నలు వేసికొనిన చాలును.

మొదటిది, లోహమేది? సామాన్యపు ఉక్కా, మిశ్రమపు ఉక్కా, స్టెయిన్‌లెస్సు ఉక్కా? కర్బనము నూటికి 1.2కు మించక, క్రోమియము 10.5 గాని అంతకు హెచ్చుగా గాని యున్నచో అది స్టెయిన్‌లెస్సు. అది కానిదానిలో మాంగనీసు 1.65, క్రోమియము 0.3, బోరాన్ 0.0008 వంటి పరిమితులలో నేదేని యొకటి చేరినచో మిశ్రమపు ఉక్కగును. బోరాన్ విషయమున ఆ పరిమితి టన్ను ఉక్కునకు 8 గ్రాములు మాత్రమే! చీనాదేశపు ఎగుమతిదారులు ఆ చిటికెడు బోరాన్ కలిపి, సామాన్యపు ఉక్కును మిశ్రమపు ఉక్కుగా చూపి, తమ ప్రభుత్వమునుండి పన్ను వాపసు పొందిరి. ఆ ప్రభుత్వమే తుదకు 2015 జనవరి 1 నుండి బోరాన్ ఉక్కునకు ఆ వాపసును రద్దుచేసినది. ఎనిమిది గ్రాములు ఎన్ని ఓడలను నడిపినవో చూడుడు.

రెండవది, రూపమేది? సరకును అడ్డముగా కోసిన కనబడు ఆకారము గుండ్రనో, చతురస్రమో, త్రిభుజమో, లోనికి వంగని మరియే బహుభుజమో యైనచో అది కడ్డీ. సామాన్యపు ఉక్కైనచో 7213 మొదలు 7215 వరకుగల శీర్షికలలో చేరును. నిడివి పొడవున నొకే తీరుననుండి, లోన డొల్లగాక, ఎల్, టి, యు, ఐ, హెచ్ అక్షరముల యాకారము గలవి 7216వ శీర్షికకు చెందును. లోన డొల్లయైనచో అది గొట్టము. దాని దారి వేరు. మిశ్రమపు ఉక్కుతో చేసిన దూలము 7228కును, స్టెయిన్‌లెస్సు దూలము 7222కును పోవును.

మూడవది, ఎత్తెంత? ఇచట గీత 80 మిల్లీమీటర్లు. వేడిగా సాగదీసిన 75 మిల్లీమీటర్ల చానెలు 7216 10. 100 మిల్లీమీటర్ల చానెలు 7216 31. అదే యెత్తుగల ఐ దూలము 7216 32. యాంగిలు 80కి లోబడినచో 7216 21. 80 గాని అంతకు మించి గాని యున్నచో 7216 40. ఒక్క కొలబద్దతో తేలు ఈ విషయమునకు ఊహతో పనియేమి?

నాలుగవది, ఏ పని జరిగినది? చదునైన రేకును చల్లగా వంచి చేసిన చానెలు 7216 61. పలకలను వెల్డింగుతో అతికి చేసిన దూలము 7301 20. రైలుపట్టా 7302. కట్టడమున బిగించుటకు సిద్ధముచేసిన దూలము 7308. తగాదాలకు తావిచ్చునది ఈ కడపటి మెట్టే. దూలమున రంధ్రము తొలిచినంత మాత్రమున అది 7308 కానేరదు. ఆ పనివలన సరకు కట్టడపు భాగముయొక్క స్వరూపమును పొందినదా లేదా యని విచారింపవలెను. అందుకు నక్షా, కొనుగోలు ఒప్పందము, రంధ్రముల అమరిక సాక్ష్యములగును.

2021 బడ్జెటున సామాన్య, మిశ్రమ, స్టెయిన్‌లెస్సు ఉక్కు సరకులపై మూలసుంకమును ఒకే తీరున నూటికి 7.5 చేసిరి గదా, సంఖ్య యేదైన నేమని కొందరడుగవచ్చును. సుంకము మూలసుంకముతో ముగియదు. 2022 మే నెలలో ప్రభుత్వము కొన్ని ఉక్కు సరకుల ఎగుమతిపై నూటికి 15 సుంకము విధించి, నవంబరులో తీసివేసినది. ఆ జాబితా శీర్షిక సంఖ్యలతోనే వెలువడినది. 7213, 7214 సంఖ్యల కడ్డీలు అందు చిక్కినవి. 2025 ఏప్రిల్ 21న చదును ఉక్కు దిగుమతులపై 200 దినములకు నూటికి 12 తాత్కాలిక రక్షణసుంకము వచ్చినది. 7216 దానికి వెలుపలనున్నది. ఐరోపా సమాఖ్యవారి కర్బనపు సుంకపు విధానము 2026 జనవరి 1 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చినది. అదియు 7216, 7301, 7308 మొదలగు సంఖ్యలనే పట్టుకొని నడచుచున్నది.

ఇచట ప్రలోభమున్నది. రక్షణసుంకమునకు లోబడు రేకు, వంగి చానెలైనచో సుంకము తప్పును. నిజముగా వంచి తెచ్చినది చట్టసమ్మతమైన వర్తకము. కాగితముమీద మాత్రమే వంగినది దొంగతనము. ఆ నష్టము ఖజానాతో నిలువదు. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' యని కేకవేసి, ప్రాణములర్పించి తెచ్చుకొన్న కర్మాగారమది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతి కంకితమై, నేడు యాంగిళ్లు, చానెళ్లు, దూలములు చేయుచున్నది. 2021లో దానిని ప్రైవేటుపరము చేయ నిశ్చయించిన కేంద్రమే 2025 జనవరిలో దాని యుద్ధరణకు 11,440 కోట్ల రూపాయలు మంజూరుచేసినది. అప్పులతో పెనగులాడు ఆ సంస్థయొక్క సరకుతో, తప్పుడు సంఖ్యచే చవుకయైన సరకు అదే రహదారిపై పోటీకి దిగుట మనకు గౌరవమా?

అట్లని తెలియక తప్పిన చిన్న వర్తకుని దొంగతో సమముగా చూచుటయు న్యాయముగాదు. 2011 నుండి సుంకమును స్వయముగా నిర్ణయించి చెల్లించు భారము వర్తకునిదే. తప్పు బయటపడినచో సామాన్యముగా రెండేండ్లవరకును, బుద్ధిపూర్వకముగా దాచినచో అయిదేండ్లవరకును వెనుకకు పోయి వడ్డీతో వసూలుచేయు అధికారము ప్రభుత్వమునకున్నది. సరకు తెచ్చుటకు ముందే సంఖ్యను నిర్ణయింపుమని కోరు హక్కు చట్టమందున్నది. అయితే ఆ నిర్ణయము చెప్పు అధికార మండలులు ఢిల్లీ, ముంబాయిలయందున్నవి. భారము తగరపువలస వర్తకునిపై వేసి, దీపమును ముంబాయిలో వెలిగించుట సబబా?

కావున మా కోరికలు రెండు. కస్టమ్సు అధికారులును, వర్తకసంఘములును గలసి ఈ రెండధ్యాయముల సారమును బొమ్మలతో, కొలతలతో తెలుగున చిన్నపుస్తకముగా ప్రకటింపవలెను. విశాఖ రేవున నెలకొకసారి వర్తకుల సందేహములను తీర్చు సభ జరుపవలెను. వర్తకులును తమవంతు చేయవలెను. కర్మాగారపు పరీక్షాపత్రము లేక సరకు కొనరాదు. కొలబద్ద పెట్టక సంఖ్య వ్రాయరాదు. చదువక సంతకము చేయరాదు.

గోస్థనీ నది సముద్రమున గలియు భీమునిపట్టణము డచ్చివారి కాలమున పేరుపడ్డ రేవు. 1933లో విశాఖ రేవు తెరచినపిమ్మట దాని వర్తకము క్షీణించినది. నాటి లెక్కలు పరదేశీయులు వ్రాసిరి, మనవారు మూటలు మోసిరి. నేడు రేవు మనది, ఉక్కు మనది, పట్టిక మనది. ఆ పట్టికను చదువుటమాత్రము ఇతరులకు విడిచిపెట్టినచో మనము మరల మూటలు మోయువారమే యగుదుము.