బి గ్రూపు వాళ్లు వేరుశనగ నూనె మానెయ్యాలా?

గానుగ నూనె వీడియో పెట్టిన దగ్గర్నుంచి నూనె కొనేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, నాది బి పాజిటివ్. వేరుశనగ, నువ్వులు మాకు పడవంట కదా?"

ఈ మాట అమెరికా ప్రకృతి వైద్యుడు పీటర్ డి'అడమో 1996లో తెచ్చిన పుస్తకంతో పాకింది. ఓ గ్రూపుకు మాంసం, ఏ గ్రూపుకు శాకాహారం అంటాడాయన. బి గ్రూపుకైతే వేరుశనగ, నువ్వులు, కోడి మూడూ వద్దంట! అనంతపురంలో బి గ్రూపు వాళ్లు ఏం తిని బతకాలో మరి.

అలాగని బ్లడ్ గ్రూపుకీ పేగుకీ సంబంధమే లేదనలేం. చిన్నపేగు గోడల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మన నేలలో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థం నుంచి భాస్వరం విడదీసేది కూడా ఫాస్ఫటేజ్‌లతోనే, అంటే ఇవి చుట్టాలే. కొవ్వు ఉన్న భోజనం చేశాక ఈ పేగు ఎంజైమ్ రక్తంలోకి వస్తుంది. ఓ, బి గ్రూపుల్లో చాలామందికి ఎక్కువగా, ఏ గ్రూపు వాళ్లకు బాగా తక్కువగా వస్తుంది. ఏ గ్రూపు వాళ్లకు చెడు కొలెస్ట్రాల్ సగటున కాస్త ఎక్కువని కూడా తేలింది. తేడా చిన్నదే.

మరి గ్రూపును బట్టి తింటే ఫలితం ఉంటుందా? టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు 1,455 మందిని పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. 'ఏ గ్రూపు' ఆహారానికి దగ్గరగా, అంటే కూరగాయలు, పండ్లు, గింజలు ఎక్కువగా తినేవాళ్లలో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు తక్కువగా ఉన్నాయి. వాళ్లది ఏ గ్రూపైనా, ఓ గ్రూపైనా అంతే! మేలు తిండిది, గ్రూపుది కాదు.

కాబట్టి బి గ్రూపు వాళ్లకు నేను నూనె ఇస్తూనే ఉన్నా. కాకపోతే గానుగదైనా గ్రాముకు 9 కేలరీలే, రిఫైన్డ్ అయినా అంతే. ట్రైగ్లిజరైడ్లు 150 దాటినవాళ్లు నూనెతో పాటు తెల్లన్నం, చక్కెర, మందు కూడా తగ్గించుకోవాలి. గ్రూపు చూసుకుని కొలెస్ట్రాల్ మాత్రలు మానేసేవాళ్లు కూడా ఉన్నారు, అదే నాకు భయం. డాక్టరు చెప్పకుండా ఆ పని చెయ్యకండి.

ఇంకోటి. మీది ఓ గానీ బి గానీ అయి, వేపుళ్లు తిన్నాక లివర్ టెస్టు చేయించుకుంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొద్దిగా ఎక్కువ చూపొచ్చు. ఏం తిని వెళ్లారో డాక్టరుకి చెప్పండి, ఆయన పరగడుపున మళ్లీ చేయిస్తారు.