ఉప్పు రుచి ఎరుగని నడక

ఈ ఫ్రెంచి చిత్రం ప్రేక్షకుణ్ణి భయపెట్టదు, ఓపిక పట్టమంటుంది. ఆ ఓపికకు తగిన ప్రతిఫలం ఇస్తుందా?

1980వ సంవత్సరంలో ఒకనాడు హైతీ దేశంలోని లెస్తేర్ గ్రామ సంతలో ఒక మనిషి ఒక స్త్రీని సమీపించాడు. చిన్ననాట ఇంటివారికి మాత్రమే తెలిసిన ముద్దుపేరు చెప్పి, తాను ఆమె తోబుట్టువునన్నాడు. ఆ తోబుట్టువును ఆమె కుటుంబం అప్పటికి పదునెనిమిది సంవత్సరాల క్రితమే సమాధి చేసింది.

అతని పేరు క్లేర్వియస్ నార్సిస్. 1962 మే 2వ తేదీన దెషాపెల్‌లోని ఆల్బర్ట్ ష్వైట్జర్ ఆసుపత్రిలో అతడు మరణించినట్లు వైద్యులు నమోదు చేశారు. మరునాడు ఖననం జరిగింది. తిరిగివచ్చిన మనిషి చెప్పిన కథ వేరు: భూమి తగాదాలో సొంత అన్నదమ్ముడే తనకు విషప్రయోగం చేయించాడట, గోతిలోనుంచి తన్ను వెలికితీసి, కొట్టి, దూరప్రాంతంలోని పొలానికి తరలించారట. అక్కడ తనవంటి వారితో కలిసి వెట్టిచాకిరి చేశాడట. యజమాని చనిపోయిన తరువాత బంధం తెగింది. అయినా అతడు ఇంటికి రాలేదు. తన్ను అమ్మివేసిన వాడు బ్రతికి ఉన్నంతకాలం ఆ ఊరి పొలిమేర తొక్కే ధైర్యం లేక, పదహారు సంవత్సరాలు దేశమంతటా తిరిగాడు. అతడు మరణించాడని విన్నాకనే సంతకు వచ్చాడు.

ఫ్రెంచి దర్శకుడు బెర్ట్రాన్ బొనెల్లో 2019లో తీసిన 'జాంబీ చైల్డ్' అనే చిత్రానికి మూలం ఈ వృత్తాంతమే. ఆ ఏడాది కాన్ ఉత్సవంలో దర్శకుల విభాగంలో దీనిని ప్రదర్శించారు. జాంబీ అనే మాట విని, రక్తం ఓడే నోళ్ళతో గుంపులు గుంపులుగా పరుగెత్తే శవాలను ఊహించుకొని థియేటరుకు వెళ్ళే ప్రేక్షకుడికి మొదటి పది నిమిషాలలోనే భ్రమ తొలగిపోతుంది. ఒక చేతిలో చేప. ఆ చేపనుండి తీసిన సారంతో పొడి తయారవుతుంది. ఆ పొడి ఒక జత బూట్లలో పడుతుంది. ఆ బూట్లు తొడుక్కొన్న మనిషి వీధిలో నాలుగడుగులు వేసి కుప్పకూలుతాడు. సంభాషణ లేదు, సంగీతం అదరగొట్టదు. తరువాతి దృశ్యాలలో ఆ మనిషి రాత్రివేళ చెరకుతోటలో తలవంచుకొని గడలు నరుకుతూ ఉంటాడు. చాలాసేపు, మిక్కిలి నెమ్మదిగా నరుకుతూనే ఉంటాడు.

ఇక్కడనే ప్రేక్షకులు రెండు వర్గాలుగా చీలిపోతారు. కథ ముందుకు సాగడం లేదని కొందరికి విసుగు. వారి విసుగును తేలికగా కొట్టివేయరాదు. మందగమనమే కళ అని నమ్మి, కెమెరాను ఒకచోట పాతిపెట్టి, శూన్యానికి గాంభీర్యం అంటగట్టే చిత్రాలు ప్రపంచంలో తక్కువేమీ కావు. అయితే ఈ చెరకుతోటలో నెమ్మది ఒక అలంకారం కాదు. ఆ నెమ్మదే కథ. ఇచ్ఛ కోల్పోయిన మనిషికి కాలం ఎలా గడుస్తుందో చూపాలంటే, ప్రేక్షకుడి కాలాన్ని కూడా కొంత తీసుకొనక తప్పదు.

చెరకుతోటలో పుట్టిన భయం

హాలీవుడ్ పుణ్యమా అని లోకం మరచిపోయిన సంగతి ఒకటున్నది. హైతీ జానపదుల జాంబీ మనుషులను తినేవాడు కాడు. మనుషులు తినివేసిన వాడు. ఆ దేశం ఫ్రెంచివారి వలసగా సెయింట్ డొమింగ్ అనే పేరుతో ఉన్న రోజులలో, పదునెనిమిదవ శతాబ్ది చివర, ఐరోపా వాడుకొనే చక్కెరలో సుమారు 40 శాతం అక్కడినుండే వచ్చేది. ఆ చక్కెర వెనుక ఆఫ్రికానుండి ఓడలలో తెచ్చిన బానిసలున్నారు. చనిపోతే ఆత్మ తిరిగి ఆఫ్రికా గడ్డను చేరుతుందన్న ఒక్క ఆశ వారికి మిగిలింది. చావు తరువాత కూడా తోటలోనే పని చేయవలసి వస్తే? జాంబీ అనే ఊహలోని భయం అదే. 1791లో బానిసలు తిరుగబడ్డారు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. 1825లో ఫ్రాన్సు, తన పౌరులు పోగొట్టుకొన్న ఆస్తికి నష్టపరిహారంగా పదిహేను కోట్ల ఫ్రాంకులు విధించింది. ఆ ఆస్తిలో మనుషులు కూడా లెక్కకు వచ్చారు. మొత్తాన్ని తరువాత తొమ్మిది కోట్లకు తగ్గించినా, దానికోసం చేసిన అప్పులు తీరడానికి 1947 వరకు పట్టింది.

1915 నుండి 1934 వరకు అమెరికా సేనలు హైతీని ఆక్రమించి ఉన్నాయి. ఆ కాలంలోనే, 1929లో, విలియం సీబ్రూక్ అనే అమెరికన్ యాత్రికుడు వ్రాసిన గ్రంథం జాంబీని పడమటి దేశాల పాఠకులకు పరిచయం చేసింది. చక్కెర కంపెనీ పొలంలో కూలికి తెచ్చిన జాంబీల గుంపు కథ అందులో ఉన్నది. వారికి ఉప్పులేని తిండి మాత్రమే పెట్టాలి. ఒకనాడు పొరపాటున ఉప్పు తగిలిన మిఠాయి నోట పడగానే, తాము చనిపోయినవారమన్న ఎరుక కలిగి, కేకలు వేస్తూ తమ సమాధుల వైపు నడిచిపోతారు. పౌరుషం లేనివాణ్ణి "ఉప్పూ కారం తినడం లేదా?" అని నిలదీసే తెలుగువారికి ఈ కథను వివరించి చెప్పనక్కరలేదు.

1932లో వచ్చిన 'వైట్ జాంబీ' చిత్రంలో ఒక దృశ్యం ఉన్నది. చక్కెర మిల్లులో చెరకు మోసే జాంబీ ఒకడు కాలుజారి యంత్రంలో పడిపోతాడు. మిగిలినవారు తల తిప్పి చూడరు, యంత్రం ఆగదు. 1943లో జాక్ టూర్నర్ తీసిన 'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ'లో ఇద్దరు స్త్రీలు గాలికి గలగలలాడే చెరకుతోటగుండా రాత్రివేళ నడిచిపోతారు. ఎవరూ ఎవరినీ తరమరు. భయమంతా ఆ నడకలోనే. 1968లో జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'తో కథ మలుపు తిరిగింది. చిత్రంలో ఎక్కడా జాంబీ అనే మాట వినిపించకపోయినా, మనిషి మాంసం తినే శవానికి ఆ పేరు స్థిరపడిపోయింది. చెరకుతోట మాయమైంది. ఆ కొత్తరకం జాంబీ కొంతకాలానికి పరుగు నేర్చాడు, ఖండాలు దాటాడు. 2021లో 'జాంబీ రెడ్డి' రూపంలో కర్నూలు సీమ కక్షల నడుమకు కూడా వచ్చాడు. అది నవ్వించడానికి తీసిన చిత్రం. దానిని ఈ త్రాసులో తూచడం న్యాయం కాదు.

బొనెల్లో చేసినదల్లా ఆ శవాన్ని తిరిగి చెరకుతోటకు తీసుకొనిపోవడం.

అంతటితో ఆగలేదు. చిత్రంలో సగభాగం ప్యారిస్ పొలిమేరలోని సెయింట్ డెనిస్‌లో, నెపోలియన్ స్థాపించిన బాలికల వసతి పాఠశాలలో జరుగుతుంది. లీజియన్ ఆఫ్ ఆనర్ వంటి బిరుదులు పొందినవారి వంశపు ఆడపిల్లలకు అందులో ప్రవేశం. 2010 జనవరి భూకంపంలో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న మెలిస్సా అనే హైతీ బాలిక అక్కడ చదువుతున్నది. నార్సిస్‌కు ఆమె మనుమరాలని చిత్రం కల్పించింది. ఆమె స్నేహితురాలు ఫానీ ప్రేమలో భంగపడి, మెలిస్సా పిన్ని వోడూ పూజారిణి అని తెలిసికొని, డబ్బు తీసుకొని ఆమె గుమ్మం తొక్కుతుంది. తన మనోవ్యథకు పరిహారం కొనుక్కోవాలని ఆ పిల్ల కోరిక.

ఆలోచన గొప్పది. చక్కెరను కొన్న దేశమే ఇప్పుడు దేవతలను కొనబోతున్నది. కాని ఈ సగంలోనే చిత్రం తడబడుతుంది. తరగతి గదులు, పిల్లల గుసగుసలు, వారి రహస్య సాహితీ బృందం, ఇవన్నీ కూడా చెరకుతోటంత నెమ్మదిగానే నడుస్తాయి. అక్కడ నెమ్మదికి కారణం ఉన్నది. ఇక్కడ అది అలవాటుగా మిగిలింది. ఫానీ ప్రేమలేఖలు వినిపించే ప్రతిసారీ ప్రేక్షకుడి మనసు హైతీకి పారిపోతుంది. దర్శకుడు అది కావాలనే చేశాడని సమర్థించవచ్చు. ఒక పిల్ల ప్రేమవైఫల్యాన్నీ ఒక జాతి దుఃఖాన్నీ పక్కపక్కన నిలిపితే ఏది తేలికో తెలియాలనేది ఆ సమర్థన. ఆ తేడా మొదటి లేఖకే తెలిసిపోతుంది; మిగిలినవి ఎందుకు?

పిన్ని పాత్ర ధరించిన కాటియానా మిల్ఫోర్ మాత్రం ఈ లోపాన్ని చాలావరకు పూడ్చింది. డబ్బు చూచి మొదట నిరాకరించి, పిదప తలవంచే ఆమె ముఖంలో కనిపించే అలసట, చివరి పూజలోని కేకలకన్న ఎక్కువకాలం గుర్తుంటుంది. ఆ పూజ ఘట్టంలో బొనెల్లో ఒక్కసారిగా సంయమనం వదలి, హాలీవుడ్ దారిలోనే కొంతదూరం నడిచాడు. అంతవరకు ఓపిక పట్టిన ప్రేక్షకుడికి అది బహుమానం అనిపించవచ్చు. నిజానికి అది చిత్రం తన మాట తాను తప్పడమే.

ఇక, నార్సిస్ నిజంగా జాంబీయేనా? కెనడా పరిశోధకుడు వేడ్ డేవిస్ 1982లో హైతీ వెళ్ళి, మంత్రగాళ్ళ పొడులు సేకరించి, విషపు చేపలోని టెట్రోడోటాక్సిన్ మనిషిని చచ్చినవాడిలా పడవేస్తుందని వాదించాడు. తరువాత రసాయన శాస్త్రజ్ఞులు ఆ పొడులను పరీక్షించి, వాటిలో ఆ విషం లెక్కలోనికి రానంత స్వల్పమన్నారు. వివాదం తేలలేదు. అయితే హైతీ శిక్షాస్మృతి ఎన్నడో ఒక నిబంధన చేర్చుకొన్నది: మనిషిని మృతప్రాయమైన మగతలోనికి నెట్టే పదార్థం ఇచ్చి, ఆపై పాతిపెడితే, ఫలితం ఏదైనా అది హత్యయే.

1997లో 'లాన్సెట్' వైద్య పత్రికలో రోలాండ్ లిటిల్‌వుడ్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు, హైతీ వైద్యుడు డుయోన్‌తో కలిసి ముగ్గురు జాంబీల గురించి ఒక నివేదిక ప్రచురించాడు. వారు మతిస్థిమితమో, మెదడు ఆరోగ్యమో సరిగాలేని అభాగ్యులుగా కనిపించారు. ఇద్దరి విషయంలో డీఎన్ఏ పరీక్ష జరిగింది. చనిపోయిన తమవాడే తిరిగివచ్చాడని ఇంటికి తెచ్చుకొన్న కుటుంబాలకూ వారికీ రక్తసంబంధం లేదని తేలింది. సంతలో, బాటప్రక్కన, దిక్కులేక తిరుగుతున్న పరాయివారిలో ఆ ఇంటివారు తాము పూడ్చిన బిడ్డ ముఖాన్ని చూచుకొన్నారు, అన్నం పెట్టారు.

బొనెల్లో చిత్రంలో ఈ సంగతి లేదు. కాని నార్సిస్ ఊరి వెలుపల చెట్ల చాటున నిలబడి, తన ఇంటి వైపు చూస్తూ, అడుగు ముందుకు వేయలేక ఆగిపోయే నిదానమైన దృశ్యాలు చూచినప్పుడు, ఇంటిలోనివారు బయటికి వచ్చి పేరుపెట్టి పిలుస్తారా లేదా అని ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టుకొని కూర్చుంటాడు. అప్పటికి గడియారం చూచుకోవడం ఎప్పుడో మానివేసి ఉంటాడు.