యంత్రమునకు చలువ

ఓరుగల్లు నగరమున నడివేసవిలో ఎండ 40 డిగ్రీలను దాటుట పరిపాటి. అట్టి దినములలో మనుష్యులు చెట్టునీడను, కుండనీటిని ఆశ్రయింతురు. ఇంటిలోని కంప్యూటరు దేనిని ఆశ్రయించును? దాని తాపమును తీర్చునది ప్రాసెసరుపై అమర్చెడి చలువ పరికరమే. దీనిని కూలరు అందురు.

ప్రాసెసరు కంప్యూటరునకు మెదడు వంటిది. అరచేతిలో ఇముడు ఈ బిళ్ల పని ఒత్తిడిలో 65 మొదలు 100 వాట్లకు పైగా విద్యుత్తును వేడిగా మార్చును. ఆ వేడి 95, 100 డిగ్రీలను సమీపించినచో అనేక ప్రాసెసర్లు తమ వేగమును తామే తగ్గించుకొనును. అంతకును మించిన యంత్రము ఆగిపోవును. కూలరు వేడిని గాలిలోనికి పంపునే కాని, ఆ గాలికంటె చల్లగా ప్రాసెసరును ఉంచజాలదు. గది వేడి 25 డిగ్రీలనుండి 40కి పెరిగినచో, ప్రాసెసరు వేడియు ఇంచుమించు 15 డిగ్రీలు పెరుగును. అందువలననే యంత్రముతో వచ్చిన చిన్న కూలరును తీసి, పెద్దదానిని అమర్చుకొనువారు కలరు. అయితే తొందరపడినచో మేలుకై చేసిన పని కీడగును.

కొనుటకు ముందే కూలరు మదర్‌బోర్డు సాకెట్టునకు సరిపోవునో లేదో, పెట్టె మూత పడునంత ఎత్తులో ఉన్నదో లేదో చూడవలెను. పాత కూలరును తీయుటకు ముందు యంత్రమును కొంతసేపు నడిపినచో లోపలి లేపనము మెత్తబడును. పిమ్మట యంత్రమును ఆపి, ప్లగ్గును ఊడదీయవలెను. పెద్దల సమక్షమున ఈ పని చేయుట మంచిది. పొడిగాలిలో మన దేహమున స్థిరవిద్యుత్తు చేరును. మనకు తెలియరానంత స్వల్పమైనను అది సున్నితమైన భాగములను చెరుపగలదు. కావున పెట్టెయొక్క రంగులేని లోహభాగమును మొదట తాకవలెను.

పాత కూలరును ఒక్కసారిగా పైకి లాగరాదు. లాగినచో దానికి అంటుకొని ప్రాసెసరు కూడ ఊడివచ్చి, సూదుల వంటి దాని కాళ్లు వంగవచ్చును. మెల్లగా అటునిటు త్రిప్పి తీయవలెను. పాత లేపనమును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ఆరిన తరువాత బఠానీగింజంత క్రొత్త లేపనమును ప్రాసెసరు నడుమ ఉంచవలెను. రెండు లోహములు ఎంత నునుపైనను వాని మధ్య సన్నని సందులుండును. సందులలోని గాలి వేడిని సరిగా పోనీయదు. లేపనము ఆ సందులను పూడ్చి వేడికి దారి యిచ్చును. కూలరు అడుగున అంటించిన పలుచని పొరను తీయుట మరువరాదు.

ఇక బిగించుట. 1213లో వెలసిన రామప్ప దేవాలయపు పునాదిలో కాకతీయ శిల్పులు ఇసుక నింపి, గుడి బరువు సమముగా పరచుకొనునట్లు చేసిరి. ఇచ్చటను నీతి అదియే. ఒక మూల స్క్రూను పూర్తిగా బిగించినచో కూలరు ఒరగిపోవును; బోర్డు వంగును. బస్సు చక్రమునకు నట్లు బిగించినట్లు, ఎదురెదురు మూలలను కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగించవలెను. స్క్రూ తనంతట నిలిచిన పిదప బలము చూపరాదు.

చివరకు పంకా తీగను దానికై ఏర్పరచిన చోట తగిలించి, రెక్కలకు తగులకుండ ప్రక్కకు సర్దవలెను. యంత్రమును నడిపి, పంకా తిరుగుచున్నదో లేదో, వేడి నిలకడగా ఉన్నదో లేదో పరిశీలించిన పిమ్మటనే మూత వేయవలెను.

ఈ పనికి కావలసినది భుజబలము కాదు, ఓర్పు. చేయి నెమ్మదిగా ఉన్నచో యంత్రము చల్లగా ఉండును.