ఖరగ్‌పూర్ ఎర్రమట్టికి ఏ సైకిల్?

ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్ల నుంచి వర్క్‌షాపు దాకా తారు రోడ్డే. అదే సైకిల్‌ను ఐఐటీ దాటించి గోపాలి, సాలువా వైపు తిప్పితే ఎర్ర కంకర దారులు తగులుతాయి. ఇది లాటరైట్ నేల. ఎండాకాలంలో గులకల మీద చక్రం జారుతుంది, వానాకాలంలో బ్రేకుల్లోకి బురద చేరుతుంది. కాబట్టి ఇక్కడ మొదటిసారి గేర్ సైకిల్ కొనేవారు రెండింటికీ పనికొచ్చేది అడగడంలో వింత లేదు.

అలా అడిగితే దుకాణంలో ఎక్కువగా చూపించేది మౌంటెన్ బైక్: లావు గుబ్బల టైర్లు, ముందు స్ప్రింగ్ ఫోర్క్, 21 గేర్లు. చూపుకి దిట్టంగా ఉంటుంది. కానీ ఇబ్బంది ఆ ఫోర్క్‌తోనే. పది, పదిహేను వేల రూపాయల సైకిళ్లకు వచ్చే స్ప్రింగ్ ఫోర్క్ తరచుగా రెండు కిలోలు దాటి బరువుంటుంది. ఖరీదైన వాటిలో స్ప్రింగ్ ఎగిరి తన్నకుండా అదుపు చేసే ఏర్పాటు ఉంటుంది. చవక రకాల్లో అది దాదాపు ఉండదు. లేచి బలంగా తొక్కినప్పుడల్లా ఫోర్క్ కిందికీ పైకీ ఊగి, కాలి సత్తువ కొంత అక్కడే ఖర్చవుతుంది. గేర్ల సంఖ్య చూసి మురిసిపోవాల్సిన పనీ లేదు. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఘాట్ రోడ్లు లేవు, వెనక ఏడెనిమిది గేర్లుంటే సరిపోతుంది.

అసలు చూడాల్సింది టైరు వెడల్పు. రేసు సైకిల్ టైరు సుమారు 25 నుంచి 28 మిల్లీమీటర్లు, మౌంటెన్ బైక్‌ది 50 పైన. మధ్యలో 38 నుంచి 42 దాకా ఉండి, నడుమ నున్నగా, అంచుల్లో చిన్న గుబ్బలున్న టైరు ఇలాంటి ఊరికి కుదురుతుంది. స్ప్రింగ్ లేని ఫోర్క్‌తో, 700సి చక్రాలతో వచ్చే హైబ్రిడ్ సైకిళ్లు ఈ కోవలోవి. కుదుపు తగ్గించే పని గాలే చేస్తుంది. మట్టి దారిలోకి దిగేముందు కొంచెం గాలి వదిలితే టైరు రాళ్ల మీద ఒదిగి పట్టు చిక్కించుకుంటుంది. తారు ఎక్కాక మళ్లీ నింపుకోవాలి, అందుకు ఒక చేతిపంపు చాలు.

నిజానికి ఈ కొలత కొత్తదేం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగాల కోసం ఈ ఊరు చేరిన తెలుగు కుటుంబాల్లో తాతలు తొక్కిన నల్ల సైకిల్ టైరు 28 × 1½ అంగుళాలు, అంటే 40 మిల్లీమీటర్లకు దగ్గర. దానికీ స్ప్రింగ్ ఫోర్క్ లేదు. బరువు, తడిస్తే పట్టని రాడ్ బ్రేకులు దాని లోపాలు. ఈ రెండింటినీ కొత్త సైకిళ్లు సరిదిద్దాయి.

బ్రేకుల విషయంలో మాత్రం వాన లెక్క వేరు. రిమ్‌ను పట్టే వీ-బ్రేకులు చవక, బాగుచేయడం తేలిక. అయితే ఇసుక కలిసిన ఎర్రబురద వాటి రబ్బరునూ రిమ్‌నూ కూడా అరగదీస్తుంది. వానాకాలంలోనూ మట్టి దారి తప్పనివారు తీగతో పనిచేసే డిస్క్ బ్రేకులు తీసుకోవడం మేలు. మడ్‌గార్డు బిగించే చోటు ఉందో లేదో కొనేటప్పుడే చూడాలి. ఫ్రేము మీదుగా కాళ్లు రెండు పక్కలా ఆనించి నిలబడితే పైకడ్డీకీ ఒంటికీ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి. చౌరంగీ దగ్గరి 16వ జాతీయ రహదారి శ్రీకాకుళం, విశాఖ మీదుగా చెన్నై వెళ్లేదే అయినా, లారీల మధ్య ఆ దారిలో సైకిల్ నేర్చుకోవాలనుకోవడం తెలివైన పని కాదు.

బడ్జెట్ తక్కువైతే చదువు ముగించి వెళ్లే ఐఐటీ విద్యార్థులు అమ్మే పాత సైకిళ్లు వెతకొచ్చు. అప్పుడు జేబులో స్కేలు ఉండాలి. చైన్‌లో ఒక పిన్ను నుంచి 24 పిన్నుల అవతలి దాకా కొత్తదైతే సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. 12⅛ అంగుళాలకు చేరిందంటే చైన్ మార్చాల్సిందే, చాలాసార్లు వెనక ఫ్రీవీల్ కూడా. ఆ ఖర్చు ధరలో తగ్గించమని బేరమాడాలి.