డేటా మీటర్ సున్నాకి తిరిగితే లెక్క ఎలా?

నెట్ స్పీడ్ చూపించే యాప్‌లో ఎప్పుడైనా మైనస్‌లో స్పీడ్ కనిపించిందా? లేదా మీరు వాడని ఒక జీబీ వాడినట్టు చూపించిందా? ఇవాళ దాని వెనకున్న లెక్క చెప్తాను.

పాత బండి మీటర్ గుర్తుందా? 99,999 దాటితే మళ్లీ 00,000. నెట్‌వర్క్ కౌంటర్ కూడా అంతే. వచ్చిన ప్రతి బైట్‌నీ ఆపరేటింగ్ సిస్టమ్ కలుపుతూ పోతుంది. కౌంటర్ 32 బిట్‌ది అయితే 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 దగ్గర నిండిపోతుంది. తర్వాతి బైట్‌కి సున్నా. అంటే సుమారు 4.3 జీబీ. 100 ఎంబీపీఎస్ ఫుల్‌గా నడిస్తే ఆరు నిమిషాల్లోపే, 1 జీబీపీఎస్ అయితే 34 సెకన్లకే!

మరి లెక్క ఎలా సరిచేయాలి? కొత్త రీడింగ్‌లోంచి పాతది తీసేస్తే వాడకం వస్తుంది. కొత్తది చిన్నగా ఉంటే, 429,49,67,296 కలిపి తీసేయాలి. పాతది 429,40,00,000, కొత్తది 10,00,000 అనుకుందాం. వాడింది 19,67,296 బైట్లు, అంటే దాదాపు 2 ఎంబీ.

ఇక్కడే అసలు చిక్కు. ఫోన్ రీస్టార్ట్ చేసినా కౌంటర్ సున్నాకే వస్తుంది. పాతది 300 కోట్లు, రీస్టార్ట్ తర్వాత 50 లక్షలు. యాప్ దీన్ని కౌంటర్ నిండడం అనుకుంటే, వాడని 1.3 జీబీ మీ ఖాతాలో పడిపోతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి డేటా అయిపోయిందనే భయం! అందుకే ముందు ఫోన్ ఆన్ అయ్యి ఎంతసేపైందో చూడాలి. మధ్యలో రీస్టార్ట్ అయితే కొత్త రీడింగ్‌నే వాడకంగా తీసుకోవాలి.

ఇంకోటి, రెండు రీడింగ్‌ల మధ్య కౌంటర్ రెండుసార్లు తిరిగితే ఏ లెక్కా పట్టుకోలేదు. రీడింగ్ త్వరత్వరగా తీయాలి, లేదా 64 బిట్ కౌంటర్ వాడాలి. అది 1 జీబీపీఎస్‌లో నిండాలంటే 4,600 ఏళ్లు పైనే పడుతుంది. రూటర్లలాంటి పరికరాల కోసం 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2863 కూడా, 20 ఎంబీపీఎస్ దాటితే బైట్ల లెక్క 64 బిట్‌లోనే ఉండాలంటుంది.

ఆండ్రాయిడ్‌లో ట్రాఫిక్‌స్టాట్స్ 64 బిట్ సంఖ్యే ఇస్తుంది. కానీ ఫోన్ ఆన్ అయినప్పటి నుంచే లెక్క. కాబట్టి నిండే భయం పోయినా, రీస్టార్ట్ చెక్ మాత్రం తప్పదు. యాప్‌లు రాసే ఫ్రెండ్స్, ఇది మర్చిపోకండి.